పాత ఎంపీత్రీ ప్లేయర్‌లో పోయిన బేస్‌ని తిరిగి తెచ్చుకోవడం: అవుట్‌పుట్ కెపాసిటర్లు పెంచిన నా అనుభవం

పాత ఎంపీత్రీ ప్లేయర్‌లో మృదంగం వింటే కుడివైపు దెబ్బలు స్పష్టంగా తెలుస్తాయి, ఎడమవైపు తొప్పి మాత్రం పక్కగదిలో మోగుతున్నట్టు ఉంటుంది. అదే ఫైలు, అవే ఇయర్‌ఫోన్లు ఫోన్‌కి పెడితే తొప్పి నిండుగా పలుకుతుంది. అంటే లోపం ఇయర్‌ఫోన్లలో లేదు, రికార్డింగ్‌లో లేదు. ప్లేయర్ లోపల, హెడ్‌ఫోన్ జాక్‌కి సరిగ్గా ముందు కూర్చున్న రెండు చిన్న కెపాసిటర్లలో (విద్యుత్ ఛార్జీని నిల్వచేసుకునే భాగాల్లో) ఉంది. చాలా ప్లేయర్లలో ఇదే కథ. కానీ అన్నిట్లో ఇదే కాదు. అందుకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసేముందు కారణం ఇదేనని తేల్చుకోవాలి. ఈ పనిలో ముఖ్యమైన భాగం అదే, టంకం వేయడం తర్వాతి సంగతి.

నేను మార్చిన ప్లేయర్ 3.7 వోల్టుల లిథియం పౌచ్ బ్యాటరీతో నడిచే రకం. పాటను డీకోడ్ చేయడం దగ్గర్నుంచి హెడ్‌ఫోన్ నడపడం దాకా అంతా ఒకే చిప్పు చూసుకుంటుంది. ఎఫ్‌ఎం కూడా ఉంది. ఇయర్‌ఫోన్ల నిరోధం 16 ఓమ్‌లు.

ముందుగా కారణం చెప్తాను. ఇలాంటి చిప్పుకి ఒకే సప్లై ఉంటుంది, సుమారు 3 వోల్టులు. శబ్దం ప్లస్‌కీ మైనస్‌కీ సమానంగా ఊగాలంటే అవుట్‌పుట్ పిన్ను మధ్యలో, అంటే ఒకటిన్నర వోల్టు దగ్గర నిలబడాలి. ఆ డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, నేరుగా ఇయర్‌ఫోన్‌కి పోతే 16 ఓమ్‌ల కాయిల్‌లో దాదాపు 90 మిల్లీఆంపియర్లు నిరంతరం పారుతుంది. దాన్ని ఆపడానికే ఒక్కో ఛానల్‌కి ఒక కెపాసిటర్ వరుసలో పెడతారు. డీసీని ఆపే ఆ కెపాసిటరే తక్కువ ఫ్రీక్వెన్సీలనూ కొంత ఆపుతుంది. ఎక్కడి నుంచి ఆపుతుందన్నది దాని విలువ (మైక్రోఫారడ్‌లలో చెప్తారు), ఇయర్‌ఫోన్ ఓమ్‌లు కలిసి నిర్ణయిస్తాయి.

లెక్క సులభం. 1,59,155ని ఓమ్‌లతోనూ, మైక్రోఫారడ్‌లతోనూ భాగిస్తే వచ్చేదే కటాఫ్, అక్కడ శబ్దం 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది. 16 ఓమ్‌లకి 100 మైక్రోఫారడ్‌లు ఉంటే కటాఫ్ 99 హెర్ట్జ్ చిల్లర. 220 ఉంటే 45. 470 ఉంటే 21. అదే 100 మైక్రోఫారడ్‌ల మీద 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే 50, 300 ఓమ్‌లది పెడితే 5 హెర్ట్జ్ చిల్లరే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ స్వరం 41 హెర్ట్జ్, దాని పైది 55, ఆ పైది 73, సన్నటిది 98. అంటే 100 మైక్రోఫారడ్‌లున్న ప్లేయర్‌కి 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలిస్తే, గిటార్ నాలుగు తీగల్నీ మీటకుండా వదిలేసినప్పటి స్వరాలన్నీ కటాఫ్ కిందే పడతాయి. 50 హెర్ట్జ్ దగ్గర నష్టం 7 డెసిబెల్స్. వూల్ఫ్‌సన్ కంపెనీ ఆడియో చిప్పుల డేటాషీట్లలోనే 16 ఓమ్‌లకి 220 మైక్రోఫారడ్‌లు వేస్తే 45 హెర్ట్జ్ అని లెక్క కట్టి చూపించారు. చిప్పు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. బోర్డు మీద చోటూ ఖర్చూ మిగుల్చుకోవాలనుకున్న దగ్గరే చిన్న కెపాసిటర్ వచ్చి కూర్చుంటుంది.

ఇక తేల్చుకోవడం. మొదట ఇయర్‌ఫోన్ రబ్బరు టిప్పు చెవిలో గాలి చొరబడకుండా కూర్చుందో లేదో చూడండి. ఆ సీలు సరిగా లేకపోతే పోయే బేస్ ఏ కెపాసిటర్ వల్లా పోనంత. సైజు మార్చి చూసి, ఫోన్‌లో ఇదే టిప్పుతో బాగుందనుకున్నాకే ప్లేయర్ జోలికి వెళ్లాలి.

రెండోది, జాక్ గ్రౌండ్ పరీక్ష. ప్లేయర్ ఆన్ చేసి, పాట పాజ్‌లో ఉంచి, జాక్ గ్రౌండ్ (రెండు ఛానళ్లకీ ఉమ్మడి) కాంటాక్టుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ కొలవాలి. మూత తీయకుండానే కొలవాలంటే యూఎస్‌బీ సాకెట్ లోహపు తొడుగు సాధారణంగా మైనస్‌కే కలిసి ఉంటుంది. సున్నా రాకుండా ఒకటి, ఒకటిన్నర వోల్టులు చూపిస్తే ఆ ప్లేయర్‌లో అవుట్‌పుట్ కెపాసిటర్లు లేవని అర్థం. అందులో గ్రౌండ్ స్థానంలో ఇంకో ఆంప్లిఫయర్ కూర్చుని జాక్ గ్రౌండ్‌ని కూడా ఒకటిన్నర వోల్టు దగ్గరే నిలబెడుతుంది. రెండు వైపులా ఒకే వోల్టేజీ కాబట్టి కాయిల్‌లో డీసీ పారదు, కెపాసిటర్ అవసరం లేదు. అలాంటి దాంట్లో ఈ మార్పు చేయడానికేమీ ఉండదు. ఇంకో జాగ్రత్త: ఈ రకం ప్లేయర్ జాక్‌ని కంప్యూటర్ లైన్-ఇన్‌కి పెట్టి, అదే సమయంలో యూఎస్‌బీ కేబుల్ కూడా తగిలిస్తే ఆ నకిలీ గ్రౌండు అసలు గ్రౌండుతో షార్ట్ అయిపోతుంది. అందుకే కొలతలన్నీ బ్యాటరీ మీదే, కేబుల్ తీసేసి.

మూడోది అసలు పరీక్ష, లోడుతో (అంటే ఇయర్‌ఫోన్‌కి బదులు రెసిస్టర్లు తగిలించి), లోడు లేకుండా. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో జనరేట్ మెనూలోని టోన్‌తో 20, 40, 63, 100, 200, 1000 హెర్ట్జ్‌ల సైన్ టోన్లు, ఒక్కోటి 10 సెకన్లు, మైనస్ 12 డెసిబెల్స్ మట్టంలో తయారుచేసి వేవ్ ఫైలుగా ప్లేయర్‌లోకి ఎక్కించాను. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ ఆపేయాలి. ఒక 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నుకి ఎడమ, కుడి ఛానళ్లనుంచి గ్రౌండ్‌కి చెరో 15 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ టంకం వేసి, అక్కడినుంచే తీగలు లైన్-ఇన్‌కి తీసుకున్నాను. బజారులో 16 ఓమ్‌లు అంత సులభంగా దొరకవు, 15 దొరుకుతుంది. చిప్పు లోపలి నిరోధం, కెపాసిటర్ లోపలి నిరోధం కలిసి ఇంకో ఓమ్ దాకా ఉంటాయి కాబట్టి లెక్కకి 16 అనుకోవచ్చు. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ దీనికి పనికిరాదు. చాలావరకు అది మోనో, పైగా మైక్ కోసం అందులోంచి డీసీ బయటికి వస్తుంది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కావాలి. మల్టీమీటర్ ఏసీ రేంజితో కొలుద్దామనుకోకండి. మామూలు మీటర్లు 40 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే నమ్మదగ్గ ఏసీ చూపిస్తాయి, 1000 దగ్గర తప్పు చెప్పొచ్చు.

రెసిస్టర్లతో ఒకసారి, తీసేసి ఒకసారి రికార్డ్ చేసి 1000 హెర్ట్జ్ మట్టంతో పోల్చాలి. లోడు లేనప్పుడు బేస్ సమంగా ఉండి, లోడు పెట్టగానే పడిపోతే దోషి అవుట్‌పుట్ కెపాసిటరే. లోడు ఉన్నా లేకున్నా ఒకేలా పడిపోతే దోషి ఇంకా వెనక, డిజిటల్‌ని శబ్ద సిగ్నల్‌గా మార్చే డీఏసీకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఉన్న చిన్న కెపాసిటర్. అక్కడ 10 కిలోఓమ్‌ల ముందు 0.1 మైక్రోఫారడ్ ఉంటే కటాఫ్ 159 హెర్ట్జ్ అవుతుంది, 1 మైక్రోఫారడ్ వేస్తే 16కి దిగుతుంది. అప్పుడు జాక్ దగ్గర ఎంత పెద్ద కెపాసిటర్ పెట్టినా రవ్వంత తేడా రాదు. ఈ ప్లేయర్‌లో లోడు లేకుండా గీత తిన్నగా వచ్చింది. లోడుతో 200 దగ్గర 1, 100 దగ్గర 3, 63 దగ్గర ఐదున్నర, 40 దగ్గర ఎనిమిదిన్నర డెసిబెల్స్ తగ్గింది. 100 మైక్రోఫారడ్‌ల లెక్కకి సరిగ్గా అతికినట్టు సరిపోయింది, ఇంకా మూత తీయకముందే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది: ఇంత కష్టం ఎందుకు, ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే పోదా? 50 హెర్ట్జ్ దగ్గర పోయిన 7 డెసిబెల్స్ వెనక్కి తేవాలంటే అక్కడ వోల్టేజీ రెండుంపావు రెట్లు కావాలి. ఇప్పటి పాటలు మామూలుగానే గరిష్ఠ మట్టం దాకా నింపి ఉంటాయి. దానిమీద 7 డెసిబెల్స్ పెంచితే డిజిటల్‌లోనే శబ్దతరంగం కొన తెగిపోతుంది, తెగకుండా మొత్తం మట్టం తగ్గిస్తే వాల్యూమ్ చాలదు. 3 వోల్టుల సప్లైకి అంత ఊపు ఇవ్వడం కూడా చేతకాదు. దెబ్బ దెబ్బకీ బరబరమనేది అందుకే. కెపాసిటర్ పెంచితే అదనంగా ఏ వోల్టేజీ అడగదు, దారిలో పోతున్నది పోకుండా ఉంటుంది.

మూత తీశాక మొదటి పని బ్యాటరీ విడదీయడం. తీగలు ఒక్కొక్కటిగా తీయాలి, రెండూ కలిపి కట్టర్‌తో కత్తిరిస్తే కట్టరే షార్ట్ చేస్తుంది. తీసిన కొసలకి వెంటనే వేడి తట్టుకునే గోధుమరంగు కాప్టన్ టేపు చుట్టేయాలి. పౌచ్‌ని డబుల్ టేపుతో అంటించి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. పాత ఏటీఎం కార్డు ముక్క జొనిపి నెమ్మదిగా లేపాలి.

కెపాసిటర్లు జాక్ దగ్గరే ఉంటాయి, ఒకేలాంటివి రెండు, పక్కపక్కన. ఇందులో పసుపురంగు టాంటలం రకం కెపాసిటర్ ముక్కలు, మూడున్నర మిల్లీమీటర్ల పొడవు, మీద 107 అంకె, పక్కన ఇంగ్లిష్ జె అక్షరం. 107 అంటే పదికి పక్కన ఏడు సున్నాలు, పికోఫారడ్‌లలో, అంటే 100 మైక్రోఫారడ్‌లు. 227 అంటే 220, 477 అంటే 470. జె అంటే 6.3 వోల్టులు, జి అంటే 4, ఎ అంటే 10. నిర్ధారణకి మీటర్‌ని బజర్‌లో (రెండు చోట్లు కలిసి ఉంటే మోగే అమరికలో) పెట్టి, జాక్ కొన కాంటాక్టు నుంచి, అంటే ఎడమ ఛానల్ నుంచి, కెపాసిటర్ల కొసలు ఒక్కొక్కటీ తాకి చూడాలి. మోగిన కొస జాక్ వైపుది, అంటే మైనస్ వైపు. అటుది చిప్పు వైపు, ప్లస్. మధ్యలో ఫెరైట్ బీడు (రేడియో సిగ్నల్‌ని ఆపే చిన్న భాగం) ఉన్నా బజర్ మోగుతుంది. రెండో కాంటాక్టుతో కుడి ఛానల్‌కీ అలాగే.

ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. టాంటలం మీద గీత ఉన్న వైపు ప్లస్. డబ్బా ఆకారపు అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ మీద నల్లగా గుర్తు ఉన్న వైపు మైనస్. ఒకటి తీసి ఇంకోటి వేసేటప్పుడు గీతకి గీత జత చేస్తే తిరగబడిపోతుంది. తిరగబడిన టాంటలం కొన్నాళ్లు పనిచేసినట్టే కనిపించి షార్ట్ అవుతుంది. అప్పుడు మొదట్లో చెప్పిన 90 మిల్లీఆంపియర్లు నేరుగా ఇయర్‌ఫోన్ కాయిల్‌లోకి పోతాయి. వెంట్రుకంత సన్నటి తీగ అది, మాడిపోవచ్చు. గీతను నమ్ముకోకుండా, బ్యాటరీ తిరిగి కలిపి, ఆన్ చేసి, రెండు కొసల దగ్గరా గ్రౌండ్‌కి వోల్టేజీ కొలవండి. ఒకటిన్నర వోల్టు ఉన్నది ప్లస్ వైపు. దీన్ని మించిన సాక్ష్యం లేదు.

కొత్త కెపాసిటర్‌గా 470 మైక్రోఫారడ్‌లు, 6.3 వోల్టుల పాలిమర్ టాంటలం తీసుకున్నాను. 7.3 పొడవు, 4.3 వెడల్పు, 2.9 ఎత్తు, మిల్లీమీటర్లలో. దాని మీద పడేది ఒకటిన్నర వోల్టే కాబట్టి 4 వోల్టులదీ నడుస్తుంది, 6.3 నిశ్చింత. పెద్ద విలువ సిరామిక్ కెపాసిటర్లు చిన్నగా ఉంటాయని ఆశపడొద్దు. డీసీ వోల్టేజీ పడగానే వాటి విలువ తగ్గిపోతుంది, శబ్దంతో పాటు విలువ మారుతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా బేస్‌లోనే డిస్టార్షన్ తెస్తాయి. ఇక 1000 మైక్రోఫారడ్‌లు దేనికంటే, 21 నుంచి 10 హెర్ట్జ్‌కి దిగడం వల్ల వినపడే లాభం దాదాపు లేదు, ఆన్ చేసినప్పుడు వచ్చే డబ్ మాత్రం పెరుగుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే కోఠీ గుజరాతీ గల్లీ తెలిసిందే. విజయవాడ, విశాఖల్లో ఈ సైజు టాంటలం దుకాణంలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో విడి ముక్కలు తెప్పించుకోవచ్చు. విడిగా అమ్మేవాటిలో పాత బోర్డుల మీంచి పీకినవి ఉంటాయి, కాళ్ల మీద టంకం మరకలుంటే వద్దు. చాలా మల్టీమీటర్ల కెపాసిటెన్స్ రేంజి 200 మైక్రోఫారడ్‌ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి నేను ఇలా పరీక్షించాను. కొత్త 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు, వరుసలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ఆపైన కెపాసిటర్. కెపాసిటర్ రెండు కొసల మధ్య మీటర్ పెట్టి సెల్లు కలపగానే సెకన్లు లెక్కపెట్టాలి. 0.95 వోల్టుకి చేరడానికి 4.7 సెకన్లు పడితే అది 470 మైక్రోఫారడ్‌లదే. రెండు సెకన్లకే చేరితే అది 200కి కాస్త అటూఇటూ ఉన్న ముక్క. అలాగే ఐదు నిమిషాలు వదిలేసి, ఈసారి రెసిస్టర్ కొసల మధ్య కొలిస్తే లీకేజీ తెలుస్తుంది. 0.1 వోల్టు అంటే 10 మైక్రోఆంపియర్లు. అంతకన్నా తక్కువ ఉన్నవే వాడాను. రెండూ దాదాపు ఒకే విలువలో ఉన్న జతను ఏరుకోవడం మంచిది, లేకపోతే బాగా కింది బేస్‌లో ఎడమ కుడి మట్టాలు కొంచెం తేడాగా వస్తాయి.

చోటు విషయానికి వస్తే, 7.3 మిల్లీమీటర్ల ముక్క మూడున్నర మిల్లీమీటర్ల ప్యాడ్ల (బోర్డు మీద టంకం వేసే రాగి మచ్చల) మీద కూర్చోదు. పైగా పాతవాటిని తీయాల్సిన అవసరమే లేదు. కొత్తవి వాటికి సమాంతరంగా కలిపితే 100, 470 కలిసి 570 అవుతాయి, బోర్డు ప్యాడ్లు లేచిపోయే ప్రమాదమూ ఉండదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవాలన్నా రెండు తీగలు ఊడదీస్తే చాలు. అందుకని చోటు వెతికాను. పిల్లల బంకమట్టిని చిన్న ఉండలుగా చేసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ ముక్క వేసి, బోర్డు మీద అక్కడక్కడా పెట్టి మూత బిగించి తీస్తే ఎక్కడ ఎంత ఖాళీ ఉందో ఉండ మందమే చెప్తుంది. మెమరీ చిప్పు ప్రాంతంలో బోర్డు నుంచి మూతకి నాలుగున్నర మిల్లీమీటర్లుంది. చిప్పు ఎత్తు 1.2, కెపాసిటర్ 2.9, కలిపి 4.1. సరిపోతుంది. రెండు ముక్కలూ పక్కపక్కన ఆ చిప్పు వీపు మీద పడతాయి. చిప్పు మీద కాప్టన్ టేపు ఒక పొర వేసి, పల్చటి డబుల్ టేపుతో వాటిని అంటించాను.

తీగ వైర్-వ్రాపింగ్ రకం, 30 గేజీ, పావు మిల్లీమీటరు మందం. ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపే. ఐరన్ సన్న మొనది, 330 డిగ్రీల దగ్గర, 63-37 లెడ్ టంకం, ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసేది) కొద్దిగా. ముందు కొత్త కెపాసిటర్ కాళ్లకి తీగలు వేసేసుకుని, తర్వాతే వాటిని చిప్పు మీద అంటించడం తేలిక. పాత టాంటలం కొసకి తాజా టంకం చుక్క అంటించి, తీగ కొసకీ టంకం పూసుకుని, రెంటినీ కలిపి రెండు సెకన్లలో ఐరన్ తీసేయాలి. తీగ అతుక్కోలేదని అలాగే నొక్కిపట్టి తోస్తే పాత కెపాసిటర్ ప్యాడ్‌తో సహా జరుగుతుంది. చల్లారనిచ్చి, ఫ్లక్స్ పెట్టి మళ్లీ ప్రయత్నించడమే. ప్లస్‌కి ఎర్ర తీగ, మైనస్‌కి నల్ల తీగ వాడి ఒక్కో జతను మెలిపెట్టాను.

తీగలు పోయే దారి చూసుకోవాలి. బోర్డు మీద నల్లటి చదరపు కాయిల్ ఒకటి ఉంటుంది, సప్లై కన్వర్టర్‌ది. దాని పక్కగా తీగ వెళ్తే పాట ఆగిన నిశ్శబ్దంలో సన్నటి కీచు వినిపిస్తుంది. తీగను అవతలి అంచు వెంబడి తిప్పితే పోతుంది. ఇంకోటి, ఎఫ్‌ఎం ఉన్న ప్లేయర్లలో ఇయర్‌ఫోన్ తీగే యాంటెనా. జాక్ దగ్గరున్న ఫెరైట్ బీడ్లు రేడియో సిగ్నల్‌ని ఆడియో వైపు పోకుండా ఆపడానికే ఉన్నాయి. కొత్త తీగను జాక్ కాలికే టంకం వేసేస్తే బీడ్‌ని దాటేసినట్టవుతుంది, రేడియో గరగరమంటుంది. తీగ కచ్చితంగా కెపాసిటర్ కొసకే పోవాలి, బీడ్‌కి ఇవతలే. అలాగే కొన్నింట్లో వరుసలో 10 ఓమ్‌లో 22 ఓమ్‌లో చిన్న రెసిస్టర్ ఉంటుంది, షార్ట్ అయినా చిప్పు బతకడానికి. దాన్ని తీసేయకండి.

పని పూర్తయ్యాక నేరుగా ఇయర్‌ఫోన్ పెట్టకూడదు. ముందు ఆ 15 ఓమ్‌ల రెసిస్టర్ల పిన్నే పెట్టి, ఆన్ చేసి, కుదురుకున్నాక ఒక్కో రెసిస్టర్ మీద డీసీ కొలవాలి. ఒక మిల్లీవోల్టు లోపు ఉంటే అంతా బాగున్నట్టు. పదుల మిల్లీవోల్టులు చూపిస్తే ధ్రువాలు తిరగబడ్డాయో, కెపాసిటర్ లీకవుతోందో, తీగ ఎక్కడో చిప్పు వైపు తాకిందో. వెంటనే ఆపేయాలి.

మళ్లీ అవే టోన్లు, అదే లోడు. ఈసారి 63 దగ్గర అర డెసిబెల్ కూడా తగ్గలేదు. 40 దగ్గర ముప్పావు, 20 దగ్గర రెండున్నర. లెక్క ప్రకారం 570 మైక్రోఫారడ్‌లకి కటాఫ్ 17 హెర్ట్జ్ చిల్లర, కొలత దానికి సరిపోయింది. 40 దగ్గర ఎనిమిదిన్నర నుంచి ముప్పావుకి రావడం చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తొప్పి మీద అరచేయి జరిపి పలికించే గుమ్కి ఇప్పుడు మొదలు నుంచి చివరిదాకా వినిపిస్తుంది, ఇంతకుముందు దాని కొస మాత్రమే వినిపించేది. డప్పు దెబ్బ పడ్డాక తోలు కదిలే ఆ బరువు కూడా తెలుస్తుంది. కటాఫ్ కిందికి జరగడంతో దాని చుట్టూ ఉండే ఫేజ్ మార్పు (స్వరాలు కాస్త ముందువెనకలుగా రావడం) కూడా అంతా కిందికి జరుగుతుంది. దెబ్బ మొదలు, దాని మోత ఒకదానికొకటి కలిసి ఉన్నట్టు అనిపించడానికి అది కూడా కారణమని నా నమ్మకం.

మిగిలింది ఆన్ చేసినప్పటి డబ్ శబ్దం. ఆన్ కాగానే చిప్పు ఒకటిన్నర వోల్టుకి లేస్తుంది, కెపాసిటర్ నిండే కరెంటంతా ఇయర్‌ఫోన్ గుండానే పోతుంది. కెపాసిటర్ దాదాపు ఆరు రెట్లైంది కాబట్టి ఆ దెబ్బ కూడా పొడవుగా, మందంగా వస్తుంది. దీనికి ఉపాయం జాక్ వైపు కొస నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్. చాలా బోర్డుల మీద ఇప్పటికే 10 కిలోఓమ్‌లో 47 కిలోఓమ్‌లో ఉంటుంది. ఇయర్‌ఫోన్ లేనప్పుడు కెపాసిటర్ దాని గుండా నిండుతుంది. 570 మైక్రోఫారడ్‌లు 10 కిలోఓమ్‌ల గుండా పూర్తిగా నిండాలంటే అరనిమిషం పడుతుంది. ఈలోగా ఇయర్‌ఫోన్ గుచ్చితే మిగతా ఛార్జీ ఒక్కసారిగా చెవిలో పేలుతుంది. అందుకే ఒక్కో ఛానల్‌కి 1 కిలోఓమ్ రెసిస్టర్ అదనంగా వేశాను. అప్పుడు మూడు సెకన్లలో నిండిపోతుంది. 16 ఓమ్‌ల పక్కన 1000 ఓమ్‌లు శబ్దాన్ని ఏమీ తగ్గించవు. ఇక అలవాటు ఒక్కటే: ముందు ప్లేయర్ ఆన్ చేసి, మూడు సెకన్లు ఆగి, ఇయర్‌ఫోన్ గుచ్చడం. ఆఫ్ చేసేముందు తీసేయడం.

తీగలు కదలకుండా జిగురు వేయాలి, లేకపోతే జేబులో ఊగి ఊగి టంకం దగ్గరే తెగుతాయి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ వేయకండి, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న సిలికాన్ గానీ గ్లూ గన్ జిగురు గానీ చుక్క చాలు. మూత బిగించాక కెపాసిటర్ల మీద ఒత్తిడి లేదని మళ్లీ మట్టి ఉండతో చూసుకోవాలి. పౌచ్ బ్యాటరీకి ఏ టంకం ముల్లూ తగలకూడదు.

ఈక్వలైజర్‌ని ఇప్పుడు ఫ్లాట్‌లో పెట్టండి. పాత లోటు పూడ్చడానికి పెంచి పెట్టిన బేస్ బూస్ట్ అలాగే వదిలేస్తే బేస్ ముంచెత్తి గొంతును మింగేస్తుంది, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది.

పాత క్యాసెట్ ప్లేయర్ల మీద చేయాలనుకునేవాళ్లకి ఇదే లెక్క, ఇదే పరీక్ష వర్తిస్తుంది, కానీ అక్కడ చాలాసార్లు కెపాసిటర్ చిన్నది కావడం కాదు, ఎండిపోవడం సమస్య. డబ్బా ఆకారపు చిన్న ఎలక్ట్రోలిటిక్‌లు కారి ఉంటే టంకం మసకబారి ఉంటుంది, ఐరన్ తగలగానే చేపల వాసన వస్తుంది. అలాంటివాటికి సమాంతరంగా కొత్తది కలపకూడదు. పాతది తీసేసి, కారిన చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాకే కొత్తది వేయాలి, లేకపోతే ఆ ద్రవం రాగి గీతల్ని తింటూ పోతుంది. ఇక 250, 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లు మాత్రమే వాడేవాళ్లు ఏ ప్లేయర్‌నీ విప్పాల్సిన పని లేదు. 100 మైక్రోఫారడ్‌లే వాళ్లకి ఎక్కువ.